కొండ మీద కటింగ్ షాపు

మా ఆయనకి ఏ ఊరెళ్ళినా ముందు తలలే కనిపిస్తాయి. కొండలూ, సరస్సూ ఆ తర్వాతే. ముప్పై ఏళ్ళుగా కటింగ్ షాపు నడుపుతున్న మనిషి, ఇంకేం చూస్తాడు పాపం!

ఏటా వేసవిలో నాలుగు రోజులు ఓ కొండ ఊరికి వెళ్ళొస్తాం. ఈసారి తిరిగొచ్చాక చెప్పులైనా విప్పకుండా, "మనం అక్కడికే మకాం మార్చేద్దాం. అంత జనం! ఒక్క కటింగ్ షాపు లేదు," అన్నాడు. ఇక్కడి షాపు ఉంచుకుంటామో వదిలేస్తామో వానాకాలం అయ్యేలోగా గది అద్దెకిచ్చిన యజమానికి చెప్పాలి మరి.

నాకు ఒళ్ళు మండింది. ఎదురింట్లోనే మా అక్క ఉంటుంది. రోజూ మధ్యాహ్నం టీ తాగుతూ దానితో పోట్లాడకపోతే నాకు పొద్దు గడవదు. దాన్ని వదిలి నేనెక్కడికి పోతాను?

"షాపు ఎందుకు లేదో ఆలోచించారా? ఫోటోలు దిగాలని అందరూ ముందే క్రాపు చేయించుకుని కొండెక్కుతారు. మీరక్కడ ఎవరి తల కత్తిరిస్తారు?" అన్నాను.

ఆయన చెప్పులు విప్పి మూలన పడేశాడు. ముప్పై ఏళ్ళ అనుభవం, ఇంత చిన్న సంగతి తట్టలేదు! అక్కయితే వారం రోజులు వదల్లేదు. "మరిదిగారూ, కొండ మీద గొర్రెలున్నాయేమో కనుక్కోండి," అంటూ.

అక్కడితో ఊరుకోవచ్చుగా? నా నోటిదురద! "వానల్లో ఒకసారి వెళ్ళి చూద్దాం, మీ పిచ్చి కుదురుతుంది," అన్నాను. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

బస్సు లేకపోతే జీపు మాట్లాడుకుని వెళ్ళాం. పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి. దుకాణాలకి తాళాలు. మేం ఎప్పుడూ దిగే లాడ్జిలో మేమిద్దరమే.

"చూశారా? ఇక్కడ ఈగలు తోలుకోవాలి," అన్నాను.

ఆయన వింటేగా! లాడ్జి వాచ్‌మన్ తలకేసి చూస్తున్నాడు. సీజన్‌లో ఆ తల మీద ఎప్పుడూ లాడ్జి టోపీ ఉండేది. కింద ఇంత అడవి ఉందని మాకేం తెలుసు? జుట్టు కాలర్ దాటి దిగింది.

"కటింగ్ ఎక్కడ చేయించుకుంటావయ్యా?"

"కింద టౌన్లో సార్. బస్సులో రెండు గంటలు. సీజన్‌లో తీరికుండదు, వానల్లో బస్సుండదు."

మా ఆయన సంచిలో కత్తెరా దువ్వెనా లేకుండా గడప దాటడు. వరండాలో కుర్చీ వేశాడు. వాచ్‌మన్ తల తేలికయ్యేసరికి వంటమనిషి వచ్చాడు, తర్వాత పడవలవాళ్ళు ముగ్గురు, ఆఖరికి పోస్టుమాస్టరు కూడా. మా ఆయన కబుర్లు చెబుతున్నాడు, నవ్విస్తున్నాడు. తలకీ తలకీ మధ్య కత్తెర గాల్లో కూడా టకటకలాడుతోంది.

ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో! మా వీధి చివర అద్దాల సెలూన్ వచ్చినప్పటి నుంచీ మా షాపు కుర్చీలో ఎక్కువగా కూర్చునేది ఆయనే, పేపరు పట్టుకుని. నాకు తెలుసు. తెలిసీ రెండేళ్ళుగా, "రాజావారు సింహాసనం మీదున్నారు," అని ఎకసెక్కాలాడాను. సిగ్గేసింది నాకు.

అందరూ వెళ్ళాక నేల మీది జుట్టు ఊడుస్తూ, తలెత్తకుండా అడిగాడు. "ఏమంటావు? నువ్వు వద్దంటే వద్దు."

ఆ 'వద్దు' మూడు నెలలుగా నా నాలుక చివరే ఉంది.

"అక్కకి మాత్రం మీరే చెప్పాలి. నావల్ల కాదు," అన్నాను.

చీపురు ఆగిపోయింది. "వదినకా? అమ్మో! అయితే ఇక్కడే ఉండిపోదాం, ఇక ఇంటికే వెళ్ళొద్దు!"

పకపకా నవ్వాను. ఇంతలో వాచ్‌మన్ టీ తెచ్చాడు. గ్లాసు చేతిలోకి తీసుకుని, అలవాటుగా పక్కకి తిరిగాను. పోట్లాడటానికి అక్క లేదు. నవ్వుతూనే ఏడ్చేశాను.