వంటింటి ఆమేన్

ఆ ఇంట్లో నోట్లోకి ముద్ద పోవాలంటే ముందు అందరి నోట్లోంచీ ఆమేన్ రావాలి. అది మామగారు పెట్టిన చట్టం. చర్చిలో సంఘపెద్ద కదా, ఇంట్లో అంతకంటే పెద్ద. కొడుకు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తాడు. తల్లీ తండ్రీ బల్ల దగ్గర ఆమేన్ అంటారు. అప్పుడు మామగారు వంటింటి వైపు తల తిప్పి "అందరిదీ పడిందా?" అంటాడు. పొయ్యి దగ్గర్నుంచి కోడలి ఆమేన్ వినిపిస్తేనే గిన్నెల మీద మూతలు లేస్తాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె ఆ ప్రార్థన పూర్తిగా విన్న పాపాన పోలేదు. కుళాయి చప్పుడూ మిక్సీ మోతా వినిస్తేగా. మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము అని వాళ్ళు పరలోకాన్ని అడుగుతుంటే, దయచేసే మనిషి గోడకి ఇవతల చేతులు కాల్చుకుంటూ ఉండేది.

మొగుడికి ఒక అలవాటుంది. పెళ్ళాంతో చెప్పాల్సిన మాట పెళ్ళాంతో చెప్పడు, దేవుడితో చెబుతాడు. అప్పుడప్పుడూ ఆమె చెవిన పడే ముక్కలు అవే. "ఈ ఇంటి ఇల్లాలి నాలుకను అదుపులో ఉంచు ప్రభువా" అన్నాడంటే నిన్న ఆమె ఎదురు చెప్పిందన్నమాట. "ఆమెకు అలసట లేని చేతులు దయచేయి" అన్నాడంటే చొక్కా ఇస్త్రీ కాలేదన్నమాట. మొహం మీద చెబితే జవాబు చెప్పొచ్చు. ప్రార్థన మధ్యలో నోరు తెరిస్తే అది పాపం. ఎంత తెలివైన పితూరీ!

ఆమె ఆసుపత్రిలో నర్సు. ఈమధ్యే వార్డు మొత్తం ఆమె చేతికి అప్పగించారు. ఆ కబురు చెబితే మొగుడు "మంచిది" అన్నాడు, అంతే. శుక్రవారం నాడు ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టాడు. హాలు నిండా సంఘంవాళ్ళు. ఆమె టీ కప్పుల ట్రేతో గుమ్మంలోకి వచ్చేసరికి మొగుడి ప్రార్థన ముగిసింది. అందరూ ఆమేన్ అన్నారు, గంగిరెద్దులా ఆమె కూడా అంది. పాస్టరమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ లేచి వచ్చి ఆమె భుజం పట్టుకుంది.

"ఇంటికోసం ఉద్యోగం వదులుకోవడమంటే మాటలా తల్లీ. నువ్వు ఆమేన్ అంటుంటే నాకు కన్నీళ్ళొచ్చాయి."

ఆమె టీ అందరికీ అందించింది. అందరూ వెళ్ళాక ఆమె మొగుణ్ణి నిలదీసింది.

"నేను వినను కూడా లేదు. నన్నడక్కుండా అంత మాట ఎలా అన్నారు?"

"నిన్నెందుకు అడగాలి, దేవుణ్ణడిగాను. అంతమందిలో ఆమేన్ అన్నావు. నెలాఖరుకి రాజీనామా ఇచ్చెయ్యి."

మామగారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ అందుకున్నాడు. "ఆమేన్ అంటే అలాగే జరుగుగాక అనమ్మా. అర్థం తెలీకుండానే అంటున్నావా ఇన్నేళ్ళూ? దేవుడి ముందు అన్న మాట వెనక్కి తీసుకోకూడదు."

ఆమె వేలితో ఆమె కన్నే పొడిచారు. ఒళ్ళు మండిపోయింది. మొగుడి మీద కోపం, మామగారి మీద కోపం, అడిగినప్పుడల్లా ఆమేన్ పడేసిన తన నోటి మీద అంతకు మించిన కోపం.

మర్నాడు వార్డులో ఒక రోగికి రక్తం ఎక్కించాలి. ఆ పనికి ఇద్దరు నర్సులుండాలి. ఒకరు సంచి మీద ఉన్న పేరూ గ్రూపూ పైకి చదివితే, రెండోవాళ్ళు రోగి చేతికున్న పేరు పట్టీ కళ్ళారా చూసి సరే అనాలి. ఆమె చదివింది. కొత్తగా చేరిన అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూ "సరే సిస్టర్" అంది.

"ఏం చూసి సరే అన్నావు?"

"మీరు చదివారు కదా సిస్టర్, తప్పుండదులే అని."

"తప్పు లేదు. అయినా నీ సరే చెల్లదు. చూడకుండా అన్నది సరే కాదు. మళ్ళీ మొదట్నుంచీ."

ఆ మాట అంటుండగానే ఆమెకు తన గొంతు కొత్తగా వినిపించింది. వార్డులో చెల్లని సరే ఇంట్లో ఎలా చెల్లుతుంది? ఒక రక్తం సంచికి ఉన్నపాటి జాగ్రత్తకు తన బతుకు నోచుకోలేదా? ఆమె పళ్ళు బిగించి మళ్ళీ పేరు చదివింది. ఆ అమ్మాయి ఈసారి పట్టీ చూసింది.

ఆ సాయంత్రం భోజనాల వేళకు ఆమె పొయ్యి ఆర్పేసి, కుళాయి కట్టేసి, తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల పక్కన నిలబడింది. మొగుడు కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"...రాజీనామా ఇచ్చే విధేయత నా భార్యకు దయచేయి ప్రభువా. ఆమేన్."

అత్తగారూ మామగారూ ఆమేన్ అన్నారు.

"అందరిదీ పడిందా?" అన్నాడు మామగారు వంటింటి వైపు తిరిగి.

"నాది పడలేదు," అంది ఆమె ఇటు పక్కనుంచి. "ఈసారి విన్నాను మావయ్యగారూ. అందుకే పడలేదు."

ఎవరూ మూత తియ్యలేదు. చట్టం చట్టమే కదా. మొగుడి మొహం ఎర్రబడింది. మామగారు గిన్నెల వంకా కోడలి వంకా చూశాడు.

"చల్లారిపోతోందమ్మా. ఆ ఒక్క మాటా అనెయ్యి."

"నేనూ ఓ ప్రార్థన చేస్తాను. అయ్యాక తిందురుగాని."

ఎప్పుడూ ఖాళీగా ఉండే నాలుగో కుర్చీ లాక్కుని ఆమె కూర్చుంది. కోడలు దారికొచ్చిందనుకుని మామగారు తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. కొడుకూ మూసుకున్నాడు. ఆమె అచ్చం మొగుడి బాణీలోనే స్తోత్రాలు చెల్లించింది, సంఘాన్ని దీవించమంది, పాస్టరుగారి మోకాలి నొప్పి తగ్గించమంది. మగవాళ్ళిద్దరూ ప్రార్థన వింటున్నట్టు లేరు, మూతల కింద కూర వాసన చూస్తున్నట్టున్నారు. ఆడదాని ప్రార్థనలో వినాల్సింది ఏముంటుంది మరి. ఆమె గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు.

"నాతో చెప్పాల్సింది నాకే చెప్పే ధైర్యం, అడగాల్సింది నన్నే అడిగే మర్యాద నా భర్తకు దయచేయి తండ్రీ. నా ఉద్యోగం నేను మానను. ఇకమీదట నేను కూడా ఈ బల్ల దగ్గరే కూర్చుని అన్నీ వేడిగా తింటాను. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ."

"ఆమేన్," అన్నాడు మామగారు.

"ఆమేన్," అన్నాడు మొగుడు, అప్పటికే గిన్నె మీదికి చెయ్యి చాస్తూ.

అత్తగారిది కాస్త ఆలస్యంగా వచ్చింది. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి, కోడలి మొహాన్నే చూస్తున్నాయి. "ఆమేన్," అంది నెమ్మదిగా, స్పష్టంగా.

అప్పుడు మొగుడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఏమన్నావు నువ్వు?"

"అందరిదీ పడింది," అంది ఆమె, మూత తీసి ముందు తన కంచంలో వడ్డించుకుంటూ.