మూత తీయకండి

ల్యాబులో అందరూ ఆమెని చాదస్తం అని పిలుస్తారు. మొహం మీదే పిలుస్తారు, ఆమె కూడా పలుకుతుంది. డబ్బా కనిపిస్తే చాలు, తేదీ, పేరు రాసి చీటీ అంటించందే ఆమె చెయ్యి ఊరుకోదు. ఆ చాదస్తంతోనే ఎనిమిదేళ్ళు కూర్చుని ఒక బ్యాక్టీరియా జన్యువుల్ని మార్చింది. నీళ్ళలో సీసం అనే విషలోహం కలిస్తే అది ఎర్రబడుతుంది. ఇంటింటికీ ఒక గాజుగొట్టం ఇవ్వాలనీ, అందులో కుళాయి నీళ్ళు నింపి మూత బిగిస్తే పొద్దుటికి ఎవరి నీళ్ళ సంగతి వాళ్ళకి తెలిసిపోవాలనీ ఆమె ఆశ. మున్సిపాలిటీ వాళ్ళు మాత్రం, "ముందు జనం భయం పోగొట్టండి, ఇవ్వాలా వద్దా అని శుక్రవారం ఓటు వేస్తాం," అన్నారు.

జనం దాకా ఎందుకు, కన్నతల్లికే భయం. "మా అమ్మాయి నీళ్ళ ఆఫీసులో చేస్తోంది," అని ఇరుగుపొరుగుకి చెప్పుకునేది ఆవిడ. పురుగుల్ని పెంచుతోందంటే ఎవరైనా మన గడప తొక్కుతారా అని ఆవిడ బెంగ. కూతురికి ఆ మాట ముల్లులా గుచ్చుకునేది, పైకి అనలేదంతే.

గురువారం రేడియోలో లైవ్. మూడు రోజులు అద్దం ముందు సాధన చేసి మరీ వెళ్ళింది.

"ఇది మనిషినేమీ చెయ్యదండీ, వట్టి సాధుప్రాణి," అంది తియ్యగా.

యాంకరుకి హుషారు పాలు ఎక్కువ. "అయితే ఒక్కసారి వాసన చూసేద్దాం!" అంటూ ఆమె వెంట తెచ్చిన గొట్టం మూత మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకండి! మూత తీయకండి!"

ల్యాబులో ఎవరైనా మంచినీళ్ళ సీసా తెరవబోయినా ఆమె పెట్టే కేక అదే. పాపం, ఊరికి ఆ సంగతేం తెలుసు? కోరి కొరివితో తల గోక్కున్నట్టయింది. ఫోన్లు మోగిపోయాయి.

"సాధుప్రాణి అయితే అంత కేకెందుకమ్మా?" అన్నాడు మొదటాయన.

"అది... మా అలవాటండీ," అని నసిగింది. రెండో ఫోనుకీ అదే మాట. ఎనిమిదేళ్ళ పని ఒక్క కేకతో పోయిందనుకునేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మూడో ఫోను. "నేను ఆ పిల్ల తల్లిని."

"ఏ పిల్లండీ?"

"ఇంకే పిల్ల నాయనా? ఇప్పుడు నీ మీద అరిచిందే, ఆ పిల్ల. ఇంట్లో పాలగిన్నె మూత తీసినా నా మీద ఇలాగే అరుస్తుంది. చేతులు కడుక్కున్నావా అంటుంది, తల్లినన్న మర్యాద కూడా లేకుండా. దాని సైన్సు నాకు ముక్క అర్థం కాదు. నీళ్ళ ఆఫీసులో చేస్తోందని మా వీధిలో అందరికీ అబద్ధం చెప్పాను కూడా. నీలా ఎడాపెడా మూతలు తీసేవాడు చేసిన వస్తువైతే నేను భయపడతాను గానీ, ఇలా అరిచేదాని చేతి వస్తువంటే భయమెందుకు? ముందు మా ఇంటికే ఇమ్మను."

మర్నాడు మున్సిపాలిటీ ఒక్క వీధికి ఒప్పుకుంది, అదీ రెండంటే రెండు ఓట్ల తేడాతో. వాళ్ళ వీధికే.

మరుసటి వారం పని నుంచి వస్తూనే ఆమె వంటగదిలోకి పరుగెత్తింది. కిటికీలో గొట్టం నిలబెట్టి ఉంది. ఆత్రంగా చెయ్యి చాచింది.

"చేతులు కడుక్కున్నావా?" అని వెనకనుంచి అమ్మ కేక.

బుద్ధిగా కడుక్కొచ్చింది. అప్పుడు చూసింది గొట్టానికి అంటించిన చీటీ. పైన తేదీ. కింద అమ్మ వంకర అక్షరాలు: "మా అమ్మాయి చేసింది. మూత తీయకండి."