లైడర్ అని రాసినందుకు

అరటికాయల చెక్కు తీస్తుంటే ఫోన్ మోగింది. శనివారం పొద్దున్నే ఆ కాయలతో మటోకె ఉడకకపోతే మొగుడు కసిర్యెకి అది శనివారమే కాదు. నస్సాలి చేతులు రెండూ జిగురు. మోచేత్తో ఫోన్ నొక్కి, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. అవతల ఆఫీసులో ఫోన్లెత్తే ప్రాసీ. అందరిలాగే ఆమె కూడా నస్సాలిని నాలొంగో అనే పిలుస్తుంది.

"నాలొంగో, పొద్దున్నించి ఒక్క బండీ కదలట్లేదు. నొప్పులొచ్చినవాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. నేను ఊరి పేరు ఎక్కించగానే తెరంతా ఎర్రగా అయిపోతోంది. తుమ్వినె సార్ నీ పేరే అంటున్నారు."

కంపాలాలో గర్భిణులు ఫోన్ చేస్తే దగ్గర్లో ఉన్న మోటారుసైకిలువాణ్ణి పంపి ఆసుపత్రికి చేర్చే కంపెనీ అది. ఏ బండి ఎక్కడుందో చెప్పే ప్రోగ్రాము నస్సాలి రాసింది. అది ఆగితే తప్పు ఆమెది కాక ఇంకెవరిది? తప్పేమిటో తెలియకముందే, నాదే అయ్యుంటుందని ఒప్పేసుకుంది. ఎన్నాళ్ళుగానో ఆమెకి అదే అలవాటు.

దానికీ కారణం ఉంది. గాండా భాష మాట్లాడే ఆమె నాలుకకి ర, ల రెండూ ఒకటే. మాట మొదట్లో అయితే ల తప్ప పలకదు. రైస్ లైస్ అవుతుంది, రేడియో లేడియో అవుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తన కవల పిల్లల్లో ఒకత్తి ఒళ్ళో ఏడుస్తుంటే, బండివాళ్ళ వివరాలు ఉంచే మోడల్ ఫైలు రాస్తూ రైడర్ అనాల్సింది లైడర్ అని కొట్టేసింది. మిగతావాళ్ళందరూ తమ ఫైళ్ళలో అదే పేరు వాడుకుంటూ పోయారు. అందరూ అదే పేరుతో పిలిచారు, అదే పేరుతో పలికింది, పని నడిచింది. కొన్ని నెలల తర్వాత ఆఫీసు పెద్దాయన తుమ్వినె ఆ పేరుని గోడమీద తెరంత పెద్దది చేసి చూపించి, "ఇదేం జంతువమ్మా?" అన్నాడు. గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది, ఏం చేస్తుంది మరి. అంతటా మార్చేస్తాను సార్ అంటే, ఇప్పుడు తీరిక లేదు, ఉండనీ అన్నాడు. ఆయనది పడమటి వైపు అంకోలె ప్రాంతం. ఆయన నాలుకకి లకారమే తిరగదు. ఆమెని ఈనాటికీ నారొంగో అనే పిలుస్తాడు. ఆ ముక్కని మాత్రం ఎవరూ తెరమీదికి ఎక్కించలేదు.

ఆ తర్వాత ఇంకో చిన్న పొరపాటు దొర్లింది. ఇక మీదట ఓపిక పట్టనని తుమ్వినె అన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పడం ఆమె చేసిన బుద్ధితక్కువ పని. కసిర్యె అప్పటికే కాచుకుని ఉన్నాడు. "ఇంకొక్క మాట పడితే మానేసెయ్. మసాకాలో అమ్మ మోకాళ్ళతో నానా అవస్థా పడుతోంది. పిల్లల్ని తీసుకుని వెళ్ళిపో. ఇంట్లో కూర్చుని మీటలు నొక్కడం ఏ పిల్లయినా చేస్తుంది." అత్తగారి మాట అంతకన్నా పాతది. కవలలు పుట్టిన రోజున, కవలల తల్లి అని అర్థమొచ్చేలా అందరూ నాలొంగో, నాలొంగో అంటుంటే, "ఇక నీకు వేరే పేరుతో పనేముంది," అంది మురిపెంగానే. నిజంగానే పనిలేకుండా పోయింది. కసిర్యె కూడా ఆ రోజే కవలల తండ్రిగా సాలొంగో అయ్యాడు గాని, బ్యాంకులోనూ కొట్లోనూ కసిర్యెగానే మిగిలాడు. నస్సాలి అన్న పేరు మాత్రం జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. మసాకా వెళితే ఆ కాగితమూ ఉండదు. తెల్లవారకముందే లేచి అరటితోటలో కలుపు, ఆ తర్వాత అత్తగారి ముందు మోకాళ్ళమీద దండం, పిల్లలు, పొయ్యి.

చేతులు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. "మటోకె సంగతేంటి?" అన్నాడు కసిర్యె సోఫాలోంచి. వస్తున్నా అంది. తన దగ్గరున్న కోడ్ నడిపి చూసింది, శుభ్రంగా నడిచింది. సర్వర్ మీద మాత్రం పడిపోతోంది. చేతిలో ఏమీ లేదు, లేనిదాంట్లో వెతకమంటే ఎలా అని మొత్తుకుంటోంది. ఆ మొత్తుకోలు ఆమెకి బాగా తెలిసినదే. ఒక ఫైలు, ఇదిగో ఈ పేరుతో ఇస్తున్నాను అని ఎక్స్‌పోర్ట్ చేస్తుంది. ఇంకో ఫైలు ఆ పేరు పెట్టి అడిగి ఇంపోర్ట్ చేసుకుంటుంది. లేని పేరుతో అడిగారనుకో, ఈ కోడ్ రాసిన జావాస్క్రిప్ట్ భాష పోట్లాడదు. చేతిలో శూన్యం పెట్టి ఊరుకుంటుంది. సర్వర్ కూడా లేచి కూర్చుంటుంది, అంతా బాగానే ఉన్నట్టు. ఎవరైనా ఆ చెయ్యి తెరిచినప్పుడే కుప్పకూలుతుంది. ఇవాళ ఆ చెయ్యి తెరిచింది నొప్పులు పడుతున్న ఎవరో తల్లి.

ఇంత తెలిసీ ఆమెకి పాలుపోలేదు. భయంతో ఉన్నవాళ్ళు వెతికేది తమ తప్పునే. తను ముట్టుకున్న ఫైళ్ళే మళ్ళీ మళ్ళీ తెరిచింది. పేరు చుట్టూ మీసాల బ్రాకెట్లు తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. కవలల్లో పెద్దది బబిర్యె వచ్చి గౌను లాగితే, కసురుకుని, వెంటనే ఏడుపొచ్చి దగ్గరికి తీసుకుంది. ప్రాసీ తన సొంత ఫోన్లోంచి బండివాళ్ళని ఒక్కొక్కర్నీ పిలుస్తోందట. ఎంతమందికని పిలుస్తుంది పాపం.

ఇక తప్పక తుమ్వినెకి ఫోన్ చేసింది. తిట్లకి సిద్ధపడే చేసింది. నిన్నటికీ ఇవాళ్టికీ సర్వర్ మీద ఏమైనా మారిందా సార్ అని నసిగింది.

"నీ స్పెల్లింగ్ దిద్దాను, అంతే. మనకి కాంట్రాక్టిచ్చిన ఆసుపత్రివాళ్ళు కోడ్ చూస్తామన్నారు. ఆ పేరు చూస్తే పరువు పోతుంది కదా."

"ఎక్కడెక్కడ దిద్దారు సార్?"

"మోడల్ ఫైల్లో. ఒక్కచోటే కదా ఉంటుంది?"

ఒక్కచోటేనట. ఇచ్చే చోట రైడర్ అని మార్చేసి, అడిగే చోటల్లా లైడర్ అనే వదిలేశాడు. పైగా ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నించి తను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఏడ్చింది ఇందుకా. పాత పేరు పాత చోట పెట్టి సర్వర్‌కి ఎక్కించింది. ప్రాసీ అరిచింది ఫోన్లో, నటీటె పేటలో బండి కదిలిందని.

ఊపిరి పీల్చుకునేలోపే తుమ్వినె తనే ఫోన్ చేశాడు. గొంతులో తేనె. కాసేపట్లో ఆసుపత్రి డాక్టరమ్మతో వీడియో మీటింగట. తప్పు నీదేనని చెప్పు అన్నాడు. "నీ ర, ల గొడవ వాళ్ళకీ తెలుసు. నవ్వి ఊరుకుంటారు. నాదంటే కాంట్రాక్టే పోతుంది. సోమవారం నీ సంగతి మంచిగానే మాట్లాడుకుందాం, నారొంగో."

అంతా విన్న కసిర్యె, ఒప్పేసుకో, గొడవ వదిలిపోతుంది అన్నాడు. వదిలేది గొడవ కాదని ఆమెకి తెలుసు. ఒప్పుకుంటే ఇంకో తప్పు ఖాతాలో పడి ఉద్యోగం పోతుంది. ఒప్పుకోకపోతే ఆయన కోపానికి పోతుంది. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. ఇంతకాలం తను భయపడి తప్పించుకున్నది ఏమిటని లెక్కేసుకుంటే ఒక్కటీ తేలలేదు. ఒప్పుకున్నప్పుడల్లా ఇంకాస్త భయం మాత్రం మిగిలింది.

తెరమీద డాక్టర్ అకెల్లో అలిసిపోయిన ముఖంతో కనపడింది. ఇవాళ ఒకావిడ నడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే కనేసిందని, తల్లీబిడ్డా బతికారని, ఏం జరిగిందో చెప్పమని అడిగింది. మా నారొంగో చెబుతుంది అన్నాడు తుమ్వినె.

నస్సాలి తెరకి దగ్గరగా జరిగింది. "డాక్టర్, నా పేరు నస్సాలి. నిన్న మోడల్ పేరు సార్ మార్చారు, మిగతాచోట్ల మార్చలేదు, నాకు చెప్పలేదు. ఇప్పుడు నేను సరిచేశాను."

మళ్ళీ జరగకుండా ఎవరు చూస్తారని డాక్టర్ అడిగింది. నేనే చూస్తాను, నాకు చెప్పకుండా ఎవరూ ముట్టుకోకపోతే, అంది నస్సాలి. తుమ్వినె ముఖం ఉన్న గడి నల్లబడింది.

కంప్యూటర్ మూసేసరికి కసిర్యె ఎదురుగా నిలబడి ఉన్నాడు. "ఏం చేశావో తెలుస్తోందా? సోమవారం తీసేస్తాడు. సామాను సర్దుకో, మసాకాకి."

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

"తీసేస్తే ఇంకోచోట వెతుక్కుంటాను. మసాకాకి మీరు వెళ్ళండి, సాలొంగో. ఆవిడ మీ అమ్మ."