బొటనవేలి కింద మూడు పేర్లు

నిమ్మచెక్క పిండుతున్నాను, సరిగ్గా అప్పుడే అన్నాడు, చేప మీద సగమే పడింది, మిగతా రసం అరచేతిలోకి కారి పొద్దున కాగితం అంచు కోసిన చోట మంట, చిన్న మంటే, మనసు దానిమీద పెట్టుకుంటే హోవర్డ్ వంక చూడక్కర్లేదు, ఇరవై రెండేళ్ళు మా జిల్లా తరఫున అమెరికా కాంగ్రెసులో సభ్యుడిగా ఉన్న మనిషి గుడ్‌ఫ్రైడే నాడు ఫైర్‌స్టేషన్ హాల్లో, అందరూ చేపలు తింటుండగా మైకు పట్టుకుని, ఈసారి నేను పోటీ చెయ్యట్లేదు, నామినేషన్ వెనక్కి తీసుకున్నాను అంటే హాలంతా అయ్యో అంది, నేను అనలేదు, సిగ్గులేని గుండె ఒక్క గంతు వేసింది, లేవడానికి కుర్చీ కూడా వెనక్కి జరిపాను, ఎందుకంటే రెండేళ్ళ కిందట రాష్ట్ర రాజధాని ఆల్బనీ నుంచి మంచులో నేను కారు నడుపుకొస్తుంటే, లొరేన్, నా తర్వాత ఆ సీటు నీదే అమ్మాయ్, నేనున్నాగా అన్నాడు, ఇదిగో ఇప్పుడు నా పేరు పిలుస్తాడు, పిలిచాడు, నాది కాదు, మన కమిటీ ముగ్గురూ మధ్యాహ్నం కూర్చుని నా బదులు మా క్రెయిగ్‌ని నిలబెట్టారు అన్నాడు, క్రెయిగ్ అంటే ఆయన అల్లుడు, సరస్సు ఒడ్డున పడవలు అమ్ముకునేవాడు, ఈ జిల్లాలో ఏ ఊరి తర్వాత ఏ ఊరొస్తుందో తెలియనివాడు, చప్పట్లు, నేనూ కొట్టాను, చేతిలో నిమ్మచెక్కతోనే కొట్టాను, కుర్చీ ఎందుకు జరిపానో ఎవరికీ అర్థం కాకూడదని మెల్లిగా ముందుకి లాక్కున్నాను.

ముగ్గురూ అన్నాడేమిటి, ఏ ముగ్గురు, మాకు అభ్యర్థి పేరు బ్యాలెట్ మీదికెక్కాలంటే గడప గడపకీ తిరిగి పార్టీ ఓటర్ల సంతకాలు తేవాలి, ప్రతి కాగితం మీదా పైన అభ్యర్థి పేరు ఇంతేసి అక్షరాల్లో, కింద ఆవగింజంత అక్షరాల్లో మూడు పేర్లు, అభ్యర్థి తప్పుకుంటే ఆ ముగ్గురూ చెప్పినవాడే అభ్యర్థి, అలా ఎవరూ ఎన్నడూ తప్పుకోలేదు, అదొక మామూలు తంతు, ఆ మూడో పేరు ఎప్పుడూ నాదే, పదకొండు ఎన్నికల్లోనూ నాదే, మరి నన్నెవరూ పిలవలేదే, ఎదురుగా మా పార్టీ జిల్లా అధ్యక్షుడు శాల్ కూర్చుని మూతి తుడుచుకుంటుంటే అదే అడిగాను, వాడు ఎగాదిగా చూసి, నేను, హోవర్డ్ వాళ్ళావిడ, ఇదిగో మన జీనెట్, నీకు తెలీకపోవడమేంటి తల్లీ, ఆ కాగితాలు నువ్వేగా ఊరంతా మోశావు, పేర్లు అందులోనే ఉన్నాయిగా అన్నాడు, నా పక్కనే జీనెట్, ముప్ఫై ఏళ్ళ స్నేహం, తేలు కుట్టిన దొంగలా క్యాబేజీ తురుముని ఫోర్కుతో అటూ ఇటూ తోస్తోంది, మార్చి నెలంతా నా కాగితం తడవకుండా గొడుగు పట్టింది ఇదే, ఏమే నీకు తెలుసా అన్నాను, జనవరి నుంచీ తెలుసే, హోవర్డ్ ఒట్టు వేయించుకున్నాడు, చెబితే లొరేన్ తిరగదు, లొరేన్ తిరక్కపోతే పని జరగదు అన్నాడు, పేర్లు నువ్వు చూసే ఉంటావు, చూసి పెద్దమనసుతో ఊరుకున్నావనుకున్నానే, పెద్దమనసట, ఆ గొడుగు నా నెత్తిన ఎందుకు పట్టావే, పడిశం పట్టి మంచాన పడితే బాగుండేది, తొమ్మిది వందల గడపలూ తప్పేవి.

నమ్మించి గొంతు కోశారు, అదీ నా చేతికే కత్తిచ్చి, చేప చల్లారిపోతోంది, తినకపోతే అందరూ చూస్తారు, ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను, నేనే విడిగా పోటీకి నిలబడితే, స్వతంత్రంగా, ఎందుకు నిలబడకూడదు, మంగళవారం నుంచి స్వతంత్రుల కాగితాలు మొదలవుతాయి, మళ్ళీ తిరుగుతాను, ఎవరింట్లో ఏ పింఛను ఆగిందో, ఏ కొడుకు పటాలం నుంచి కుంటుకుంటూ వచ్చాడో నాకు తెలిసినట్టు క్రెయిగ్‌కి ఏడు జన్మలెత్తినా తెలుస్తుందా, నా మొహం చూసి ఎవరైనా సంతకం పెడతారు, పెడతారు గానీ, అమ్మో, ఒక సీటుకి ఒక మనిషి ఒక్క కాగితం మీదే సంతకం పెట్టాలి, రెండోది చెల్లదు, నా మొహం చూసి పెట్టేవాళ్ళంతా ఈసరికే పెట్టేశారు, నేనే పెట్టించాను, నా తలుపులన్నీ నేనే తట్టి నేనే గడియ వేసి వచ్చాను, హోవర్డ్‌కి ఇదీ తెలుసు, ఆ మనిషికి తెలియని రూలు లేదు, ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య, భుజం మీద చెయ్యి పడింది, ఆయనే, అదే సబ్బు వాసన, నువ్వు లేకపోతే ఇదేదీ జరిగేది కాదు అమ్మాయ్, మా వాడికి ఇక నువ్వే అన్నీ నేర్పాలి అని నవ్వాడు, నిజమే చెప్పాడు, నేను లేకపోతే జరిగేది కాదు, ఆ చెయ్యి విదిలించుకోవాలనుంది, ఒళ్ళంతా మండుతోంది, అయినా ఇరవై రెండేళ్ళ అలవాటు, అలాగేనండీ అంది నా నోరు.

ఇంతలో క్రెయిగ్ అట్ట పట్టుకుని బల్ల వెంట వస్తున్నాడు, అట్టకి క్లిప్పుతో కాగితం, తనకి మద్దతు లేఖట, శాల్ పెట్టాడు, జీనెట్ తల ఎత్తకుండా పెట్టింది, ఇప్పుడు నా ముందు, లొరేన్ గారూ, మీ సంతకం లేకపోతే ఎలా, చదవక్కర్లేదు, అంతా మామూలే, ఇక్కడ పెట్టండి చాలు, ఆ మాటలు ఎక్కడో విన్నాను, అట్టని నా వైపు చాపి పట్టుకున్నాడు, కింది వరసల మీద వాడి బొటనవేలు, సరిగ్గా నేను పట్టుకునే పద్ధతి, తొమ్మిది వందల గడపల దగ్గర అట్ట అలాగే పట్టుకున్నాను, పైన పెద్దక్షరాలు వాళ్ళకి, కింద చిన్నక్షరాలు నా వేలికి, ఎవరైనా కళ్ళజోడు కోసం వెతుక్కుంటే చదవక్కర్లేదండీ, అంతా మామూలే అనేదాన్ని, చదవడం మొదలుపెడితే ఇంటికి అయిదు నిమిషాలు దండగ, ఒక్కావిడ మాత్రం చదివింది, కాలువ వీధిలో పసుప్పచ్చ ఇల్లు, పావ్లిక్ ముసలమ్మ, మంచువాన కురుస్తోంది, నా మేజోళ్ళు తడిసి ముద్దయ్యాయి, ఆవిడ లోపలికెళ్ళి తీరిగ్గా కళ్ళజోడు తెచ్చుకుని, నా బొటనవేలిని తన వేలితో పక్కకి తోసి మూడు పేర్లూ పైకి చదివింది, ఏం అమ్మాయ్, ఈసారి నీ పేరు లేదేం అంది.

అడిగింది, నిలబెట్టి అడిగింది, నేను కాగితం వైపు చూడనైనా చూడలేదు, అదంతా మామూలేనమ్మా, చదవక్కర్లేదు, సంతకం పెట్టండి చాలు అన్నాను, చదవక్కర్లేనిదానికి నా పేరెందుకూ అని పెన్ను తిరిగి ఇచ్చేసింది, మెట్లు దిగుతూ చాదస్తం ముసలిది అని నేను నవ్వాను, జీనెట్ కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా, వీళ్ళందరూ కలిసి నన్ను ముంచారు, ఆ మాట ఏ దేవుడి ముందైనా చెబుతాను, కానీ ముంచే విద్య ఈ ఊరికి గడప గడపకీ మోసుకెళ్ళింది నేను, ఇప్పుడు నా కాగితం మీద సంతకం పెట్టగల చెయ్యి నేనెరిగినవాళ్ళలో ఒక్కటే మిగిలింది, నేను చాదస్తమని నవ్విన ఆ ముసలమ్మ చెయ్యి, ఆ గడప ఎక్కాలంటే ముందు నేను చేసిన పని ఆవిడ దగ్గర ఒప్పుకోవాలి, మంగళవారం దాకా ఆగడమెందుకు, ఆవిడ ఇల్లు ఇక్కణ్ణుంచి నాలుగు వీధులే, సరే, నిమ్మచెక్క పళ్ళెంలో పెట్టాను, సంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాను, క్రెయిగ్ పెన్ను అందిస్తున్నాడు, ఆ వేలు కాస్త తియ్యి నాయనా అన్నాను, చదవాలి.