మైనం కార్చిన ఇనుము

కడలికి కట్ట కట్టించిన స్వామీ, మార్కాపుర చెన్నకేశవా! ఒక చిన్న వాగు కథ చెప్పబోతున్నాను. మాట తూలకుండా ఆవలి ఒడ్డు చేర్చు.

ఖంగు...

ఇనుము మీద కొయ్యసుత్తి. వాగు వాగంతా ఒక గంటై మోగింది.

విక్టోరియా రాణి ఏలుబడి. దొనకొండకు రైలు వచ్చిన కొత్త. గుండ్లకమ్మలో కలిసే ఆ వాగు మీద దొరలు పోత ఇనుప వంతెన తలపెట్టారు. రెండు ఒడ్డుల మీదా రాతి కట్టడం. నడుమ ఐదు కమానులు. ఒక్కో కమానుకు మూడు ముక్కలు. మద్రాసు నుంచి రైల్లో వచ్చి, ఎడ్లబండ్లలో ఊగి, దుంగల మీద వరుసగా పడుకున్న ముక్కలు. రేపు ఒకదాని భుజాన్ని ఒకటి నెట్టుకుంటూ నిలవాలి.

ఒక్కటి ఓడితే — అన్నీ ఓడినట్టే.

వాటిని మోసే కూలీలలో మోషే ఒకడు.

అతని చూపు ఎప్పుడూ ఆవలి ఒడ్డు మీదనే. అక్కడ, అత్తవారింట, నెలలు నిండుతున్న కూతురు దయామణి. నిరుడు వానాకాలం పెద్దకూతురు ఇలాగే నొప్పులతో బయలుదేరి, వాగు తీసేలోపల, ఆ ఒడ్డునే కన్నుమూసింది.

ఈసారి వంతెన ఉంటుంది. మొదటి బండిలోనే బిడ్డ పుట్టింటికి వస్తుంది...

పోతలో లోపం ఉందేమోనని మేస్త్రీ ఒక్కో ముక్కనూ సుత్తితో కొట్టి వింటున్నాడు. పదమూడు ముక్కలు ఖంగుమన్నాయి.

పద్నాలుగోది బొంగురుగా పలికింది.

మేస్త్రీ జహంగీర్‌కు తేడా తెలియలేదు. మోషేకు తెలిసింది. ఒకప్పుడు డప్పు కొట్టిన వాడు. బాప్తిస్మం నాడు డప్పు అటకెక్కింది. చెవి ఎక్కలేదు.

చెబితే, ముక్క మళ్లీ మద్రాసు నుంచి రావాలి. ఆలోగా వానలు దిగుతాయి. చెప్పకపోతే...

నల్లమల మీద పిసరంత మబ్బు.

మోషే జొన్నచొప్ప తెచ్చాడు. బొంగురు పోయిన డప్పుకు చేసేదే ఇనుముకూ చేశాడు. కింద మంట పెట్టాడు. సెగకు గొంతు విప్పితే, ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదని ఆశ.

కూలీలు నవ్వారు.

"ఏంది మామా, ఇనుముకు చలి పుట్టిందా?" అన్నాడు జహంగీర్.

"గొంతు పోయింది మేస్త్రీ. రొంత సెగ చూపిస్తే తేరుకుంటదేమోనని."

"తేరుకున్నాక పాట గూడా పాడతదా?"

ఇనుము చెమర్చింది. ఒక నల్లని చుక్క జారింది. మరొకటి... మైనం. ఇనుపపొడి కలిపిన మైనం. పోతలో పడిన బొక్క మీద ఎవరో పూసిన మైనం.

నవ్వు ఆగింది.

జహంగీర్ వేలు పెట్టి చూశాడు. రెండో కణుపు దాకా దిగింది.

"ఇంకెవరికీ తెలిసేది కాదు మామా. ఊరకుండి ఉంటే వానల్లోగా వంతెన లేచేది..."

"మొదటి బండిలో వచ్చేది నా బిడ్డే గదా, మేస్త్రీ."

దొరకు కబురు పోయింది. ముక్క వెనక్కు పోయింది.

మృగశిర వచ్చింది. మబ్బు పెరిగింది.

ఆరుద్ర వచ్చింది. వాగులో నీరు చీలమండ దాకా... మోకాలి దాకా...

అప్పుడు వచ్చింది కొత్త ముక్క. జహంగీర్ కొయ్యసుత్తిని మోషే చేతిలో పెట్టాడు.

"నువ్వే కొట్టు మామా. నువ్వు సరేనంటేనే పైకెత్తేది."

మోషే కొట్టాడు. విన్నాడు. తల ఊపాడు.

కమానులు నిలిచాయి. పైన ఇనుప పలకలు పరిచారు. కింద ఎర్రనీరు పొర్లుతోంది. ఆవలి ఒడ్డున గూడుబండి ఒకటి వచ్చి ఆగింది. గూటిలో నుంచి గాజుల చేయి ఒకటి బయటికి వచ్చి, ఈ ఒడ్డును వెదికింది.

ఎద్దు తటపటాయించింది. ముందుకాలు ఎత్తింది.

మోషే కళ్లు మూసుకున్నాడు. చెవి ఒగ్గాడు.

ఖంగు...

ఈ కథ విన్నవారందరికీ వాగులు దారి ఇచ్చుగాక. ఎదురుచూసే గుమ్మాలకు బండ్లు క్షేమంగా చేరుగాక.