సైకిల్ షాపు మీద గది

గోదాము తలుపు మూసుకోగానే, కుట్టు మిషన్లన్నీ జోరుగా తొక్కమన్నాడు మేస్త్రీ. ఎందుకో కుట్టేవాళ్ళందరికీ తెలుసు. తెలిసీ తొక్కారు. కాసేపటికి కాలర్లు కుట్టే అమ్మాయి, పెళ్ళై ఏడాది కూడా నిండనిది, గోడ పట్టుకుని నడిచొచ్చి తన మిషను ముందు కూర్చుంది. వెనకాలే కాంట్రాక్టరు చొక్కా సర్దుకుంటూ వచ్చాడు.

పక్క మిషను మీద గుండీలు కుట్టే ఆవిడ, అందరూ గుండీలక్క అనేది, తలెత్తలేదు. ఒకప్పుడు ఆ గోదాములోంచి ఆవిడా అలాగే వచ్చింది. ఆ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

కానీ ఆ వారమే కుట్టుపనివాళ్ళ సంఘాన్ని పట్టి ఊపేసి, సైకిల్ షాపు మీద గది అద్దెకు తీయించింది. మైకు, నినాదాలు, సంఘం తరఫు వకీలమ్మ ఉపన్యాసం, ‘అత్యాచార బాధితుల సహాయ కేంద్రం’ అని బారెడు బోర్డు, అన్నీ ఘనంగా అమిరాయి. మెట్లు మాత్రం నడివీధిలోకి ఉన్నాయి. ఎవరెక్కినా వీధంతా చూస్తుంది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

ఒక్కరూ రాలేదు. గుండీలక్క రోజూ షిఫ్టు దిగి, రెండు కుర్చీలూ తుడిచి, ఒకదాంట్లో కూర్చుని రెండోదాన్ని చూస్తుండేది. కాలర్లమ్మాయి కింద మెట్ల దగ్గర నడక తగ్గించేది. బోర్డు చూసేది. వెళ్ళిపోయేది. ఇంతలో కాంట్రాక్టరు మనిషి ఎదురుగా స్టూలేసుకుని కాపలా కూర్చున్నాడు.

“బోర్డు పీకేద్దాం,” అంది సంఘం మీటింగులో, ఫ్యాక్టరీ బట్టలు ఇస్త్రీ చేసే ఇస్త్రీ వదిన.

“పీకితే భయపడ్డట్టే!” వకీలమ్మ బల్ల గుద్దింది.

“మీకేమమ్మా! మీరెక్కితే వకీలమ్మ ఎక్కిందంటారు. ఆ పిల్ల ఎక్కితే ఏమంటారు?”

గుండీలక్క లేచింది. “రేపట్నుంచి అందరం ఎక్కుదాం. కబుర్లాడుకోండి, జుట్లు పట్టుకోండి, మీ ఇష్టం. ఎవరు ఎందుకొచ్చారో వాడికి అంతుపట్టకూడదు.”

“మా ఆయన అడిగితే?” అంది వెనకనుంచి ఒకావిడ.

“సహాయానికి వెళ్ళానని చెప్పు. చెయ్యడానికా, పొందడానికా అని అడిగే తెలివి ఆయనకుంటే అప్పుడు చూద్దాం!”

మర్నాడు మెట్లు కిక్కిరిశాయి. స్టూలు మీదివాడు నోరెళ్ళబెట్టాడు. “ఏంటే, అందరూ చెడ్డారా?”

“చెడ్డది మేం కాదురా, మీ అయ్యగారి రోజులు!” అంది మెట్ల మీంచి ఒకావిడ.

ఆ గుంపులోనే కాలర్లమ్మాయి పైకొచ్చింది. గుండీలక్క ఎదురుగా రెండో కుర్చీలో కూర్చుంది. “ఆ గోదాము నాకూ తెలుసమ్మా,” అంది గుండీలక్క.

“అక్కా, నీకు కూడానా?”

“ఊఁ.”

“ఎవరితో చెప్పుకున్నావు?”

“నీతోనే. ఇప్పుడే.”

తెల్లారేసరికి ఫ్యాక్టరీ గేటుకి తాళం. “కుట్టమంటే కుట్ర పన్నుతారే! మెట్లెక్కినవాళ్ళకి పని లేదు, పొండి!” అని లోపల్నుంచి అరిచాడు మేస్త్రీ.

ఎవరూ కదల్లేదు. కాలర్లమ్మాయి గేటు ఊచలు పట్టుకుంది.

“గోదాములో ఏం జరిగిందో నేను చెప్తాను.”

“తర్వాత నేను,” అంది గుండీలక్క.

వెనకనుంచి జనాన్ని తోసుకుంటూ, బోర్డు పీకేద్దామన్న ఇస్త్రీ వదిన ముందుకొచ్చింది.

“ఆ తర్వాత నేను.”