గూట్లో సీసా

అనంతయ్య మొదటి పన్ను ఊడి దుమ్ములో పడగానే జనం ఈలలు వేశారు. పెళ్లి ఊరేగింపులో వేసినట్టే వేశారు, సిగ్గులేని జనం.

పట్టపగలు, పదకొండు గంటల ఎండలో, ఎయిర్‌పోర్టు దగ్గరి మంఖాల్ అవతలి నలభై ఇళ్ల పల్లెలో డెబ్బై ఏళ్ల ముసలాయనను కరెంటు స్తంభానికి కట్టేశారు. పళ్లు లేని నోట మంత్రం పలకదట, మంత్రం పలకకపోతే బాణామతి పారదట. అందుకని పటకారుతో పీకుతున్నారు. పటకారు పట్టినవాడు సరిత మొగుడు శివశంకర్. వాళ్ల నాలుగేళ్ల కొడుకు జీవన్ పోయి ఆ రోజుకు పదమూడో రోజు.

జీవన్ అమావాస్యనాడు నోట నురగ కక్కుకుని పోయాడు. ముందురోజు సాయంత్రం అనంతయ్య వాడి చేతిలో బెల్లం ముక్క పెట్టి తల నిమిరాడు. అంతే, ఊరికి దోషి దొరికిపోయాడు. పసిరికలకు, అదే పచ్చకామెర్లకు, దారం మంత్రించి కట్టేది ఆయనే మరి. నిన్నమొన్నటిదాకా పిల్లల్ని చంకనేసుకుని ఆయన గుమ్మంలో పడిగాపులు పడ్డవాళ్లే ఇవాళ రాళ్లు ఏరుకొచ్చారు. బతికించగలడని నమ్మినవాళ్లకు చంపగలడని నమ్మడం ఎంతసేపు!

నిజం సరితకు తెలుసు. కొడుకు పోయిన మర్నాడు మంచం కింద ఆమెకు కూల్‌డ్రింక్ సీసా దొరికింది. అడుగున రెండు గుక్కల పురుగుల మందు మిగిలి ఉంది. టమాట తోటకు కొట్టేది. డబ్బాలోంచి దాన్ని సీసాలోకి ఒంపి, పిల్లాడు పీట ఎక్కితే అందే గూట్లో పెట్టింది శివశంకరే. ఆ సంగతి తెలిస్తే ఉరేసుకుంటాడని భయపడి, సీసాను పాత చీరలో చుట్టి బియ్యం డబ్బా వెనక దాచింది. ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని తనకు తాను చెప్పుకోవడానికే ఆమెకు నోరు రాలేదు. గూట్లో ఆ సీసాను ఆమె కూడా చూసింది. తర్వాత తీద్దాంలే అనుకుంది. ఆ తర్వాత అనేది రానే లేదు. అనంతయ్యే చేశాడని అనుకోగలిగిన పూట ఆమెకు రెండు ముద్దలు దిగేవి.

"ఇంకోటి పట్టు శివన్నా!" అని ఎవడో అరిచాడు.

అనంతయ్య గడ్డం మీదుగా నెత్తురు కారుతోంది. ఆయన కళ్లు గుంపులో సరిత కోసం వెతికాయి. "బిడ్డా, నేను బెల్లమే ఇచ్చిన. నీ కొడుక్కు బెల్లమంటే పానం గదా."

ఇక ఆమె వల్ల కాలేదు. ఇంట్లోకి ఉరికి సీసా తెచ్చింది, జనాన్ని మోచేతులతో పొడుచుకుంటూ ముందుకొచ్చింది. "ఆపుర్రి! గిది తాగి పోయిండు నా కొడుకు! మందు గిది, పురుగుల మందు! మా ఇంట్లనే, గూట్ల ఉండె. వాసన చూడుర్రి!"

ఊరి పెద్ద కుర్మయ్య మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మందే," అన్నాడు. ముందు వరుసలోవాళ్లు చేతుల్లోని రాళ్లు కింద పడేశారు. చక్రాలు దించుకుని ఒక విమానం నెత్తి మీదుగా పోయింది, ఎవరూ తలెత్తలేదు. బతికిపోయాడు ముసలాయన, అనుకుంది సరిత.

అప్పుడు ఆమె అత్త చంద్రమ్మ ముందుకొచ్చింది. "గూట్ల ఉన్న సీసా అంత చిన్న పోరనికి ఎట్ల అందింది? పీట జరిపి ఎక్కమని ఎవడు జెప్పిండు? ఎవడు తాపిచ్చిండు? గదే బాణామతి!"

"అవ్! గదే!" అన్నారు జనం.

జ్వరం దిగినవాడిలా శివశంకర్ ముఖం తేటపడింది. సీసా ఎక్కడిదని అతను అడగలేదు. వాసన కూడా చూడలేదు. కొడుకు పోయిన రోజు దవాఖానలో పోస్టుమార్టం చేస్తామంటే "నా కొడుకును కొయ్యనియ్య" అని డాక్టర్ల మీద ఎందుకు కలబడ్డాడో సరితకు అప్పుడు తెలిసింది.

"నీకు మొదటిసందే ఎర్కనా?" అంది.

పటకారు ఆమె చెంప మీద పడింది. దుమ్ములో పడిపోయి, నాలుగో పన్ను దాకా అనంతయ్య అరుపు విన్నది. ఐదోదానికి ఆయన అరవలేదు. కట్లు విప్పితే కింద కూలబడ్డాడు, మళ్లీ లేవలేదు. అప్పుడు పారిపోయారు జనం, ఒక్కొక్కరే, చేతులు ధోవతులకు తుడుచుకుంటూ.

ఇంటికొచ్చి శివశంకర్ చేతులు కడుక్కున్నాడు. అన్నం పెట్టుకుని కడుపునిండా తిన్నాడు, పదమూడు రోజుల్లో మొదటిసారి. "ఇగ పరేషాన్ లేదు. పీడ పోయింది," అన్నాడు. పోలీసులు వచ్చేలోపు తోటకు మందు కొట్టాలట! డబ్బాలోంచి ఇంకో కూల్‌డ్రింక్ సీసాలోకి మందు ఒంపి, మూత బిగించి గూట్లో పెట్టబోయాడు. అదే గూడు. కింద పదిహేను నెలల పూర్ణిమ పీట పట్టుకుని నిలబడి తండ్రి చేతిలోని సీసాకేసి చేయి చాస్తోంది.

"ఆడ పెట్టకు," అంది సరిత.

"ఏమైతది? జేసినోడు పాయె గద."

గడపలో నెత్తుటి పటకారు పడి ఉంది. సరిత అందుకుని అతని మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. అతను మోకాళ్ల మీద కూలబడితే జుట్టు పట్టుకుని తల వెనక్కి విరిచి, పటకారు పళ్లకు ఆనించింది.

"జెప్పు. మొదటి సీసా గూట్ల ఎవరు వెట్టిన్రు?"

అతని కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"అనంతయ్య," అన్నాడు.

ఆమె ఆ కళ్లలోకి చూసింది. అబద్ధం చెప్పేవాడి కళ్లు కావవి, నమ్మేసినవాడివి.

పటకారు వదిలేసింది. పూర్ణిమను చంకనేసుకుని, అతని చేతిలోంచి జారిపడ్డ సీసా చేత్తో పట్టుకుని, పోలీసు జీపు వచ్చే దారికి ఎదురు నడిచింది.